బల్ల అంచున రైలు: అసలైన ఎడ్జ్ కేస్

టెక్ ఫెస్ట్‌లో మోడల్ రైలు పెడదామంటే మన సీఎస్ఈ వాళ్లకి ముందు గుర్తొచ్చేవి ఆర్డుయినో, సెన్సార్, యాప్. బల్ల అంచు చివర్న గుర్తొస్తుంది. నిజానికి మొదట ఆలోచించాల్సింది దాని గురించే.

చిన్న లెక్క చూద్దాం. హెచ్‌ఓ స్కేల్ మోడల్ అసలు రైలులో 87వ వంతు. బల్ల ఎత్తు 1 మీటరైతే, ఆ రైలుకి అది 87 మీటర్ల లోయ. చార్మినార్ ఎత్తే సుమారు 56 మీటర్లు! పడటానికి అర సెకను కూడా పట్టదు. నేలకి తగిలేటప్పుడు వేగం గంటకి దాదాపు 16 కిలోమీటర్లు. చేయి చాపి పట్టుకుందామంటే కుదరదు, వేలు పోసి కొన్న ఇంజన్ ముక్కలవుతుంది.

ఎక్కువ ప్రమాదం వంపుల్లో. స్పీడ్ ఎక్కువైతే రైలు వంపు బయటి వైపుకి ఒరుగుతుంది. పొడవాటి రైల్లో బోగీలు తేలికగా ఉంటే, ఇంజన్ లాగుడికి లోపలి వైపుకీ పడతాయి.

మొదటి రక్షణ ఖాళీ జాగా. ఎల్‌హెచ్‌బీ బోగీ ఎత్తు 4 మీటర్ల పైమాటే. 87తో భాగిస్తే సుమారు 4.6 సెంటీమీటర్లు. పక్కకి పడితే అంత చోటు కావాలి. కాబట్టి పట్టాకీ అంచుకీ మధ్య 6, 7 సెంటీమీటర్లు వదలాలి.

అంత చోటు లేకపోతే గోడ కట్టాలి. అక్రిలిక్ షీట్‌ని పట్టీలుగా కోయించి, బల్ల చట్రానికి స్క్రూలతో బిగించండి. పట్టా కంటే 5 సెంటీమీటర్లు పైకి ఉంటే చాలు, అద్దంలాంటిది కాబట్టి చూసేవాళ్లకి అడ్డం రాదు. మా గంగవరం లాంటి ఊళ్లో ఉన్నవాళ్లు దగ్గరి టౌన్‌లో నేమ్ బోర్డులు చేసే షాపులో మిగులు ముక్కలు అడిగి చూడొచ్చు.

వంతెనల మీద అసలు రైల్వే చేసేదే చేయొచ్చు: రెండు పట్టాల మధ్య ఇంకో రెండు గార్డ్ రైల్స్. చక్రం పట్టా దిగినా అవి దాన్ని పక్కకి పోనివ్వవు.

మనిషి లోపలికి వెళ్లడానికి ఎత్తే వంతెన ఉంటే, దాని కింద ఒక స్విచ్ పెట్టాలి. వంతెన దిగి ఉంటేనే ముందు పట్టాకి కరెంటు. ఇలా చేస్తే వైరు తెగినా రైలు ఆగుతుంది. రైల్వే సిగ్నళ్ల సూత్రమూ ఇదే: ఏది చెడిపోయినా ఎరుపే పడాలి. కరెంటు ఆగే భాగం మాత్రం ఇంజన్ జారుకుంటూ పోయే దూరం కంటే పొడవుండాలి.

ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ వాళ్లు గదంతా అత్యవసర స్విచ్‌లు పెట్టారు. ఒకటి నొక్కితే గడియారం ఆగి, దాని మీద 'ఫూ' అని కనిపించేది. అందుకే వాటిని ఫూ స్విచ్‌లు అన్నారు. మనం ల్యాబ్ ప్రోగ్రాముల్లో రాసే 'ఫూ' వ్యాప్తిలో ఆ క్లబ్బుకీ పాత్ర ఉంది.

సెన్సార్, కోడ్ వద్దనడం లేదు. కానీ అవి చివరి వరస. కోడ్ హ్యాంగ్ అవుతుంది, గోడ అవ్వదు. ముందు ఒక పాత బోగీని చేత్తో అంచు వైపుకి గట్టిగా తోయండి. అది పడకపోతే, అప్పుడు ల్యాప్‌టాప్ తెరవండి.