ఎన్ని సిరాపెన్నులుంటే చాలు?

తిరుత్తణి చుట్టుపట్ల పల్లెలలోనైనా, బళ్ళారి సీమలోనైనా, పర్లాకిమిడి వైపైనా, పాత తెలుగు ఇళ్ళలో ఒక రేకు పెట్టె తరచుగా కనబడుతుంది. భూమి దస్తావేజులు, జాతకచక్రాలు, వాటి నడుమ గుడ్డముక్కలో చుట్టిన ఒకటి రెండు సిరాపెన్నులు అందులో ఉంటాయి. అవి కరణీకం చేసిన తాతగారివి కావచ్చు, బడిపంతులుగా జీవితం గడిపిన పెదనాన్నగారివి కావచ్చు. ఏ సెలవుల్లోనో ఆ పెట్టె తెరచిన మనుమడు పెన్నును చూసి ముచ్చటపడతాడు. దానికి తోడుగా ఒకటి కొంటాడు. ఆ తరువాత రాజమండ్రిది ఒకటి, తిరువళ్ళూరుది ఒకటి, పాళీ సన్నగా ఉంటుందని జపాను పెన్ను, చౌక అని చైనా పెన్ను వచ్చి చేరతాయి. చూస్తూ చూస్తూ ఉండగానే పెన్నులు ఇరవై దాటుతాయి. అప్పుడు ఇంట్లో ప్రశ్న పుడుతుంది: ఇంకా ఎన్ని?

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినబడతాయి. రాయడానికి ఒక్కటి చాలదా అని ఇంటి పెద్దలు అంటారు. సేకరణకు హద్దేమిటి, తపాలా బిళ్ళలు కూడబెట్టేవారిని ఎవరైనా ఇలా అడుగుతారా అని సేకర్త అంటాడు. రెండు జవాబులూ పెన్ను స్వభావాన్ని పట్టించుకోనివే. తపాలా బిళ్ళను పుస్తకంలో అంటించి ముప్పై ఏళ్ళు తెరవకపోయినా దానికి పెద్దగా హాని లేదు. సిరా పోసిన పెన్నును మూడు నెలలు మరచిపోతే అది మూగబోతుంది. కాబట్టి ఎన్ని చాలు అన్నదానికి హద్దు బయట ఎక్కడో లేదు. చాలావరకు పెన్నులోనే ఉన్నది.

సిరా చెప్పే లెక్క

సిరాపెన్ను పనిచేసే తీరు చూడటానికి సులువే గాని ఎంతో సున్నితమైనది. పాళీ నడుమ ఉన్న సన్నని చీలిక, దాని కింద ఉన్న నల్లని ఫీడరులోని గాడులు కేశనాళికల వలె సిరాను కాగితం దాకా దించుతాయి. దిగిన సిరా స్థానంలోకి అంతే గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెన్ను ఆగుతుంది, ఎక్కువగా పోతే కక్కుతుంది. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు పొందిన ఫీడరులోని మర్మం ఈ ఇచ్చిపుచ్చుకోలును అదుపు చేయడమే. ఆ గాడులు వెంట్రుకవాసి మార్గాలు. సిరాలోని నీరు ఆవిరైతే మిగిలిన రంగు ఆ మార్గాలలోనే గడ్డకడుతుంది. మూత బిగించినంత మాత్రాన ఆవిరి పూర్తిగా ఆగదు. మర ఉన్న మూత కొంత నయం, నొక్కి పెట్టే మూత అంతకంటె లోకువ.

ఇప్పుడు లెక్క వేయవచ్చు. గొట్టంలో నేరుగా ఫిల్లరుతో సిరా పోసుకునే పాతకాలపు పెన్నులో సుమారు 2 నుంచి 4 మిల్లీలీటర్లు పడుతుంది. కన్వర్టరు ఉన్న పెన్నులో సాధారణంగా 1 మిల్లీలీటరు లోపే. రోజుకు రెండు పుటలు రాసే వ్యక్తికి గొట్టం నిండిన పెన్ను ఒక్కటే వారాల తరబడి వస్తుంది. అదే వ్యక్తి పది పెన్నులలో సిరా పోసుకుంటే ఒక్కొక్క పెన్ను వంతుకు అయిదు రోజులకొక పుట వస్తుంది. అప్పుడు కాగితం మీదికి వెళ్ళే సిరా కంటె మెల్లగా ఆవిరయ్యే నీటికే ప్రాధాన్యం పెరుగుతుంది. సిరా చిక్కబడుతుంది, మొదటి అక్షరం పడదు, విదిలిస్తే చొక్కా మీద పడుతుంది.

అందుచేత సిరాతో ఉండవలసిన పెన్నుల సంఖ్యను రోజువారీ రాత నిర్ణయిస్తుంది. ఇంటి లెక్కలు, పాలకేంద్రం పద్దు, నెలకొక ఉత్తరం రాసేవారికి రెండు పెన్నులు చాలు. ఉపాధ్యాయులకు, దస్తావేజు లేఖకులకు మూడు నాలుగు. అంతకు మించి సిరా పోయాలనుకునేవారు ముందు రాత పెంచుకోవాలి.

గొట్టంలో సిరా పోసే పెన్ను విషయంలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. సిరా సగానికి దిగినప్పుడు మిగిలిన చోటంతా గాలి. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి తోస్తుంది. పెద్దలు ‘పెన్ను కక్కుతోంది’ అని విసుక్కున్నది దీనినే. పెన్ను చెడినదని పారవేయనక్కరలేదు, సిరా అడుగంటకముందే నింపుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఇలా కక్కిందన్న కోపంతో కొత్తవి కొన్నవారి ఇళ్ళలో పెన్నులు అనవసరంగా పెరిగి ఉంటాయి.

ఖాళీగా ఉన్నవాటి సంగతి

కడిగి ఆరబెట్టి దాచితే ఎన్ని ఉన్నా ఫరవాలేదు గదా అనవచ్చు. కొంతవరకు నిజమే. అయితే పెన్నులు చేసిన పదార్థాలు ఒకదానికొకటి పొసగవు. పాతవి, చేతితో చేసినవి చాలావరకు ఎబొనైట్ పెన్నులు. రబ్బరులో గంధకం ఎక్కువగా కలిపి కాచితే వచ్చే గట్టి పదార్థమిది. వెలుతురు సోకితే దాని నల్లని నిగనిగ పోయి ఆకుపచ్చ కలసిన గోధుమ రంగు తేలుతుంది. దానినుంచి వెలువడే గంధకం పక్కనున్న లోహపు క్లిప్పులను నల్లబరుస్తుంది. విదేశీ పాత పెన్నులలో కనబడే సెల్యులాయిడ్‌కు గాలి ఆడాలి. మూసిన డబ్బాలో ఏళ్ళ తరబడి ఉంచితే అది తనంతట తానే శిథిలమవుతుంది, నిప్పుకు కూడా త్వరగా అంటుకుంటుంది. రబ్బరు తిత్తి ఉన్న పెన్నులలో ఆ తిత్తి కాలక్రమేణ పెళుసై పగులుతుంది.

అంటే ఇరవై పెన్నులను ఒక డబ్బాలో పడవేసి మూత పెట్టడం భద్రపరచడం కాదు. వేటికవి విడిగా, ఎండ తగలని చోట, కాస్త గాలి ఆడేటట్లు ఉంచాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు అన్నింటినీ బయటికి తీసి చూడాలి. ఆ పని ఒక మధ్యాహ్నంలో తెమిలితే సేకరణ తగినంత ఉన్నట్లు. తెమలక విసుగు పుట్టి సగం చూడకుండానే సర్దివేస్తే, ఆ సగం ఎక్కువైనట్లే.

రెండు లిపుల ఇల్లు

ఒక్క పెన్ను చాలదా అనే పెద్దలకూ ఒక సమాధానం ఉన్నది. సరిహద్దు కుటుంబానికి అది మరింత వర్తిస్తుంది. తాటాకుపై గంటంతో రాసిన కాలంలో అడ్డగీత గీస్తే ఆకు ఈనెల వెంట చీలుతుంది కనుక తెలుగు, కన్నడ, ఒడియా అక్షరాలు గుండ్రదనం దాల్చాయని లిపుల చరిత్ర చెప్పేవారు సాధారణంగా చూపే కారణం. ఇటువంటి అక్షరానికి ఏ వైపు తిప్పినా ఒకే మందం ఇచ్చే గుండ్రని మొన గల పాళీ హాయినిస్తుంది. దేవనాగరికి తలకట్టు గీత ఉన్నది. మరాఠీ బడులలో ఒకప్పుడు బోరు కలంతో నేర్పిన ఆ రాతకు ఏటవాలుగా కోసిన వెడల్పు పాళీ అందం తెస్తుంది. షోలాపురంలోనో సిరొంచలోనో ఉండే ఇంట్లో పిల్లవాడు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు రాస్తుంటే రెండు రకాల పాళీలు ఉండటం విలాసం కాదు.

కాగితం మరొక కారణం. చౌక నోటుపుస్తకం మీద సిరా ధారాళంగా వదిలే పాళీ పెడితే అక్షరం పక్కలకు పాకి వెనుక పుటకు దిగుతుంది. తెలుగులో ఇది మరీ ఇబ్బంది. వత్తులు ముద్దకట్టి ఏ వత్తు ఏదో తెలియదు. దానికి సన్నపాళీ కావాలి. ఉత్తరానికి, సంతకానికి కాస్త మందపు పాళీ ముచ్చటగా ఉంటుంది. ఇలా పనిని బట్టి లెక్కిస్తే మూడు నుంచి అయిదు దాకా ప్రతి పెన్నుకూ ఒక ఉద్యోగం దొరుకుతుంది. ఆరవదానికి ఉద్యోగం వెదకవలసి వస్తుంది. పదవదానికి వెదికినా దొరకదు.

కొనడం మానితే చేసేవారి గతి?

సేకర్తల వాదనలో బలమైనది ఇదే. రాజమండ్రిలో, 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం అయిన ఆ పట్టణంలో, స్వదేశీ పిలుపు అందుకుని కోసూరి వెంకటరత్నంగారు 1932 ప్రాంతంలో పెన్నుల తయారీ చేపట్టారు. ఆయన పంపిన పెన్ను కుమారప్పగారి ద్వారా గాంధీజీకి అందింది. విదేశీ పెన్నులకు బదులుగా అది నిలవగలదని 1935 జూలైలో వార్ధా నుంచి గాంధీజీ ఆయనకు లేఖ రాశారు. వస్తువులు కూడబెట్టడం పొసగని వ్యక్తి మెప్పు పొందిన పెన్నును ఇప్పుడు రంగుకొకటి చొప్పున కొనేవారు ఉండటం చిత్రమే. ఆ తరువాత అదే పట్టణంలో గైడర్ పెన్నులు వెలిశాయి. ఇటు తమిళనాట తిరువళ్ళూరులో రంగా పెన్నులు, మద్రాసులో గామా పెన్నులు పేరు తెచ్చుకున్నాయి. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరిన తరువాత అక్కడి తెలుగు కుటుంబాలకు రాజమండ్రి కంటె తిరువళ్ళూరు లేతు యంత్రమే దగ్గర.

ఈ పెన్నులు అచ్చుపోసినవి కావు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పుతూ తొలుస్తారు, మరలు కోస్తారు, తరువాత మెరుగు పెడతారు. బాల్ పెన్నులు వచ్చిన తరువాత నిత్యావసరానికి ఇవి కొనేవారు బాగా తగ్గారు. ఇష్టంతో కొనేవారే ఈ పనికి ఆసరా. వారంతా ఒక్కసారిగా ‘చాలు’ అంటే లేతులు ఆగుతాయన్న భయం ఉత్తది కాదు.

అయినా దానికి విరుగుడు అయిదవ పెన్ను, ఆరవ పెన్ను ఒకే ఇంటికి చేరడం కాదు. చేతితో చేసేవారికి మరమ్మతు కూడా పనే. వంగిన పాళీ సరిచేయడం, పగిలిన ఫీడరు మార్చడం, మర అరిగిన మూతకు బదులు కొత్త మూత చేయడం వంటివి వారు చేయగలరు. పదింటిని పనికి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు పదకొండవదాని ధర కంటె తక్కువే కావచ్చు. ఇక కొత్తది కొనవలసి వస్తే ఇంట్లో రాసే పిల్లవాడి చేతికి కొనడం వేరు, డబ్బాకు కొనడం వేరు. పిల్లవాడి చేతికి వెళ్ళిన పెన్ను మళ్ళీ పాళీ అడుగుతుంది, సిరా అడుగుతుంది. డబ్బాలోకి వెళ్ళినది ఏమీ అడగదు.

తాతగారి పెన్ను

వారసత్వంగా వచ్చినవాటిని ఈ లెక్కలో కలపడం న్యాయం కాదు. పేరు చెక్కిన పెన్నును ఎక్కువైనదని ఎవరూ అమ్ముకోరు, అమ్మకూడదు కూడా. కాని సాధారణంగా జరిగేదేమిటంటే, పెద్దకొడుకు బీరువాలో నాలుగు పెన్నులూ ఉండిపోతాయి, బళ్ళారిలో ఒకరు, బరంపురంలో ఒకరు ఉన్న మిగిలిన అన్నదమ్ముల ఇళ్ళలో తండ్రి చేతిరాత తెచ్చిన పెన్ను ఒక్కటీ ఉండదు. పొలం గట్టు దగ్గర పట్టుపట్టేవారు కూడా పెన్నుల పంపకం దగ్గర మాట్లాడరు, అడగడానికి మొహమాటం. పెద్దకొడుకే తలపెట్టి ఇంటికొకటి ఇవ్వాలి. ఎండిపోయినది ఎండినట్లే ఇస్తే అది అక్కడ మరో రేకు పెట్టెలోకి వెళుతుంది, కనుక కడిగి ఇవ్వడం మంచిది.

కడగడం కష్టం కాదు, ఓపిక కావాలి. పాళీ ఉన్న ముందుభాగాన్ని మాత్రం మర విప్పి తీయాలి. బిగిసి ఉంటే పటకారు పట్టకూడదు, రబ్బరు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. మామూలు చన్నీళ్ళు గ్లాసులో పోసి పాళీ కిందికి ఉండేటట్లు రాత్రంతా నానబెట్టాలి. వేడినీళ్ళు ఎబొనైట్ మెరుగును చెరుపుతాయి, స్పిరిట్ కొన్ని ప్లాస్టిక్కులను కరగదీస్తుంది. ఆ రెండూ వద్దు. తెల్లవారి నీరు పారబోసి, ఫిల్లరుతో వెనుకవైపు నుంచి నీరు కొట్టి, మళ్ళీ నానబెట్టాలి. మొండికేస్తే గ్లాసు నీటిలో ఒక్క చుక్క అంట్లు తోమే ద్రవసబ్బు కలపవచ్చు. పాళీని ఊడబెరకరాదు, ఫీడరు విరిగితే ఆ కొలతకు దొరకడం కష్టం. బొమ్మలు గీసే నల్లసిరా అందులో ఎన్నడూ పోయరాదు. పాత బ్లూబ్లాక్ సిరా ఎండి ఉంటే మొదటి రోజు నీరు నల్లగా దిగుతుంది, రెండవ రోజు నీలంగా, మూడవ రోజుకో నాలుగవ రోజుకో తేటగా వస్తుంది. మెత్తని కాగితం మీద పాళీ ఆనించి ఒక రోజు ఆరనిచ్చి, కొత్త సిరా పోసి, ఎవరి ఇంటికి ఇస్తున్నారో ఆ ఇంటి పిల్ల చేత దానితో మొదట తాతగారి పేరు తెలుగులో రాయించాలి.