ఎదుగుదల ఎన్నో ఏట ఆగుతుంది?



పిల్లవాడు బోర్లాపడితే బొబ్బట్లు చేస్తాం. కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు పంచుతాం. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం ముందు పెట్టి ఏది పట్టుకుంటాడా అని చూస్తాం. ఆ తరవాత అక్షరాభ్యాసం, ఆడపిల్లకు ఓణీల వేడుక, ఆపైన పెళ్ళి, సీమంతం. మనిషి ఎదుగుదలలో ఒక్కో మెట్టునూ మన పెద్దలు ఎంత చక్కగా గుర్తించారో చూడండి. అయితే సీమంతం దాటాక మళ్ళీ వచ్చే వేడుక ఏది? షష్టిపూర్తి. అదైనా ఆయనకు అరవై నిండినందుకే గాని, పక్క పీట మీద కూర్చున్న ఆవిడకు ఎన్నేళ్ళు నిండాయో లెక్కపెట్టేవాళ్ళు తక్కువ.

మరి ఈ మధ్యనున్న ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ మాటేమిటి? అప్పుడు మనిషి ఎదగటం మానేసి ఊరికే వంట చేస్తూ కూర్చుంటుందా? ఈవేళ మనం మాట్లాడుకోబోయేది ముఖ్యంగా ఆ కాలం గురించే.

మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఎదుగుతూనే ఉంటాడని గట్టిగా చెప్పిన మానసిక శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్‌సన్. ఆయన 1902లో జర్మనీలో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు తెలియదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగి, 1933లో అమెరికా చేరి, అక్కడి పౌరుడయ్యాక ఎరిక్‌సన్ అనే పేరు తనే పెట్టుకున్నాడు. అంటే ‘ఎరిక్ కొడుకు’ అని! కాలేజీ పట్టా లేకపోయినా హార్వర్డు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. (పదో తరగతితో ఆగిన నాబోటివాళ్ళకు ఈ సంగతి భలే నచ్చుతుంది లెండి.) 1950లో వచ్చిన పుస్తకంలో ఆయన మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీశాడు. ఒక్కో దశలోనూ ఒక ప్రశ్న మనల్ని నిలదీస్తుందన్నాడు. దానికి దొరికే జవాబును బట్టే తరవాతి దశ నడుస్తుంది.

పసిబిడ్డ ప్రశ్న ఒక్కటే: ‘ఏడిస్తే ఎవరైనా వస్తారా?’ వస్తే లోకం మీద నమ్మకం కుదురుతుంది. రెండేళ్ళవాడు ‘నేనే తింటాను, నేనే చొక్కా వేసుకుంటాను’ అని పేచీ పెడతాడు. అది మొండితనం కాదు, ఆ వయసుకు వాడి పని అది. నాలుగైదేళ్ళకు చొరవ, బడి ఈడు వచ్చాక ‘నాకూ ఏదో ఒక పని చేతనవును’ అనే ధైర్యం. ఈ నాలుగు దశలూ మీకందరికీ అనుభవమే కనక ఎక్కువ చెప్పను.

అయిదోది యుక్తవయసు. అప్పటి ప్రశ్న ‘నేనెవరు?’ అద్దం ముందు గంటలు గడపటం, నిన్న డాక్టరు అవుతానన్న పిల్ల ఇవాళ బొమ్మలు వేస్తాననటం, అమ్మ మాట చేదై స్నేహితురాలి మాట తియ్యనవటం, ఇవన్నీ ఆ వెతుకులాటలోవే. పైగా ముందూ వెనకా ఆలోచించి నిర్ణయం తీసుకోవటానికి సాయపడే మెదడు ముందుభాగం పూర్తిగా తయారయ్యేది ఇరవై దాటి ఇంకా కొన్నేళ్ళు గడిచాకేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ‘గాడిదలా ఎదిగావు, బుద్ధి ఎదగలేదు’ అని మనం కోప్పడతామే, అందులో రెండో సగం అక్షరాలా నిజమే. వాళ్ళ తప్పేం లేదు.

ఆ వెతుకులాట అయ్యాక ఆరో దశ. ఇంకొకరితో మనసు కలిపి బతకటం, అంటే పెళ్ళీ, స్నేహమూ. తానెవరో కొంత తెలిసినవాళ్ళే మరొకరికి దగ్గర కాగలరని ఎరిక్‌సన్ అన్నాడు.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. నా ఒక్కదానికే కాదు, ఆయనతో కలిసి పనిచేసిన కారల్ గిలిగన్ కూడా ఈ లెక్కలు మగవాళ్ళ జీవితాన్ని చూసి వేసినవని 1982లో తన పుస్తకంలో రాసింది. మగపిల్లవాడికైతే ముందు చదువు, ఉద్యోగం, ఆపైన పెళ్ళి. మరి మన ఆడపిల్లల సంగతో? చట్టప్రకారం ఆడపిల్ల పెళ్ళి వయసు పద్ధెనిమిది అయింది 1978లో. అంతకు ముందు పదిహేనే. ‘నేనెవరు’ అన్న ప్రశ్న నోటిదాకా రాకముందే ‘నువ్వు ఫలానావారి కోడలివి’ అని జవాబు చేతిలో పెట్టిన తరాలు మనవి. ఆ జవాబుతో హాయిగా బతికినవాళ్ళు లేకపోలేదు. కాని అడగని ప్రశ్న ఎక్కడికీ పోదు. దాటివచ్చిన ప్రశ్నలు తరవాతి దశల్లో మళ్ళీ తలెత్తుతాయని ఎరిక్‌సనే అన్నాడు.

మళ్ళీ ఎప్పుడు తలెత్తుతుందంటారా? చాలామందికి నలభైలలో. అబ్బాయి హాస్టల్లో చేరతాడు, అమ్మాయి అత్తవారింటికో అమెరికాకో వెళుతుంది. పదకొండు గంటలకల్లా వంటిల్లు సర్దటం అయిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒంట్లో మార్పు. మన దేశంలో చాలామంది ఆడవాళ్ళకు నలభై ఆరు, నలభై ఏడేళ్ళ ప్రాంతంలో నెలసరి ఆగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవటం, ఊరికే చిరాకు. వీటికి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాలి, సిగ్గుపడి దాచుకోకూడదు. ఆగిపోయిన ఏడాది తరవాత మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా తాత్సారం చెయ్యకండి.

అయితే అంతా ఒంటి మీదకే నెట్టెయ్యటం కూడా సరికాదు. ‘ఏమీ తోచటం లేదు’ అని ఆవిడ అంటే ‘తిన్నది అరక్క’ అని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఎరిక్‌సన్ నవ్వలేదు. నలభై నుంచి అరవై అయిదు దాకా మనిషికి ఏడో దశ అని, అప్పటి ప్రశ్న ‘నా వెనక వచ్చేవాళ్ళకు నేనేం ఇస్తున్నాను?’ అని చెప్పాడు. ఇచ్చేది పిల్లలకే కానక్కర్లేదు. నేర్పటం, నాటటం, కట్టటం, నలుగురికి పనికొచ్చేది నిలబెట్టటం, ఏదైనా సరే. అది దొరక్కపోతే మనిషి నిలవనీరు అయిపోతుంది.

ఈ దశకు ఉదాహరణగా ఆయన ఎంచుకున్నది ఎవర్నో తెలుసా? మన గాంధీగారిని. 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెను గాంధీగారు నడిపినప్పుడు ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. ఎరిక్‌సన్ అహమ్మదాబాదు వచ్చి, ఆనాటి మనుషులతో మాట్లాడి, 1969లో గాంధీ మీద పెద్ద పుస్తకం వేశాడు. మన ఆశ్రమ ధర్మాలను తన దశలతో పోల్చి చూసింది కూడా అందులోనే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో 1909లో పుట్టారు, ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ వచ్చాక ఆ పెళ్ళి వద్దనుకుని, ఆలస్యంగా ప్రైవేటుగా మెట్రిక్కు చదివి, లాయరై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో, నలభై నాలుగో ఏట, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో మొదలుపెట్టిన పథకం ఏమిటంటే, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద ఆడవాళ్ళు తక్కువ కాలంలో పరీక్షలకు కూర్చునేలా చదివించటం. తనకు దొరకనిదాన్ని వెనకవాళ్ళకు అందించటం అంటే ఇదేగా!

అందరం దుర్గాబాయమ్మలం కాలేం, నిజమే. అక్కర్లేదు కూడా. మధ్యాహ్నం రెండు గంటలు పనిమనిషి కూతురికి లెక్కలు చెప్పినా, అమ్మమ్మ దగ్గర నేర్చిన మంగళహారతులు పక్కింటి పిల్లకు నేర్పినా, ఆగిపోయిన మీ చదువే మళ్ళీ మొదలుపెట్టినా సరిపోతుంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వెలిసింది మన హైదరాబాదులోనే. యాభై ఏళ్ళ ఇల్లాలు డిగ్రీకి ఫీజు కడతానంటే ‘ఇప్పుడు నీకెందుకమ్మా’ అనే కొడుకులకు చెప్పండి, ఇది నా వయసుకు తగిన పనేనని.

ఇక మిగిలింది మన ఇంట్లోని అత్తగారు, లేదా అమ్మ. ఎనిమిదో దశ. ‘నా బతుకు బాగానే గడిచిందా?’ అన్నది ఆవిడ ప్రశ్న. చెప్పిన కథే పదిసార్లు చెబుతుంటే మనకు విసుగొస్తుంది. కాని గడిచిన జీవితాన్ని తిరగేసి చూసుకోవటం పెద్దవయసులో సహజమైన పనేనని రాబర్ట్ బట్లర్ అనే డాక్టరు 1963లోనే రాశాడు. అలాంటప్పుడు ‘విన్నాం లెండి’ అనే బదులు ‘అప్పుడు మీ నాన్నగారు ఏమన్నారు?’ అని ఒక కొత్త ప్రశ్న వేసి చూడండి, కథ కొత్త దారి పడుతుంది. అయితే పూట కిందటి సంగతి కూడా మరిచిపోయి, ఇంటిదారి తప్పేదాకా వస్తే అది వేరు. డాక్టరుకు చూపించాల్సిందే.

ఎరిక్‌సన్ 1994లో పోయాడు. ఆయన భార్య జోన్ అప్పటికి తొంభై దాటిన మనిషి. ఎనభై, తొంభైలలో ఇంకో దశ ఉందని, అది తొమ్మిదోదని ఆవిడ స్వయంగా రాయగా 1997లో అచ్చయింది. ఆ వయసులో ఒళ్ళు సహకరించక, పాత ప్రశ్నలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయంది. అంటే పసిబిడ్డ ప్రశ్నే: పిలిస్తే ఎవరైనా వస్తారా? మంచం మీది పెద్దావిడ గంటకోసారి ఏదో వంకతో కేకేసేది అందుకే కావచ్చు. ‘వంటయ్యాక పదకొండింటికి వచ్చి కూర్చుంటానండీ అత్తయ్యగారూ’ అని ముందే చెప్పి, సరిగ్గా పదకొండింటికి వెళ్ళి పది నిమిషాలు కూర్చుంటే, ఆ మధ్యలో పిలుపులు చాలావరకు తగ్గుతాయి.