గుండెచికిత్స పిదప ఛాతీనొప్పి

రక్తప్రసరణను కనుగొన్న విలియం హార్వే 1651లో అచ్చయిన తన గ్రంథంలో ఒక వింత ఉదంతం వ్రాశాడు. ఒక ప్రభుకుటుంబపు బాలుడు క్రిందపడి, ఎడమవైపు పక్కటెముకలు విరిగి, చీముపట్టి, ప్రాణం దక్కినా ఛాతీలో రంధ్రం మిగిలిపోయింది. అతడు యువకుడైన పిదప, ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ కోరికపై హార్వే అతనిని పరీక్షించాడు. రంధ్రంలో వ్రేళ్లు పెట్టి, కొట్టుకుంటున్న గుండెనే తాకి చూశాడు. కంటితో చూస్తేనో, బయటి చర్మానికి వ్రేలు తగిలితేనో తప్ప, తన గుండెను ముట్టుకున్నారని ఆ యువకునికి తెలియనే లేదు!

స్పర్శ ఎరుగని గుండెకు నొప్పి ఎట్లా తెలుస్తుంది? గుండె కండరానికి రక్తం చాలనప్పుడు అందులో పేరుకొనే కొన్ని పదార్థాలు నాడుల కొసలను రేపుతాయి. ఆ నాడులు వెన్నుపామును చేరే చోటికే ఛాతీ నుండి, ఎడమచేతి నుండి వచ్చే నాడులు కూడ చేరుతాయి. ఏ కబురు ఎక్కడిదో మెదడు సరిగా పోల్చుకోలేదు. కనుకనే గుండెనొప్పిని ఒక వ్రేలితో చూపడం కష్టం. ఛాతీ మధ్య బరువు పెట్టినట్లుండి, భుజానికి, చేతికి, దవడకు ప్రాకుతుంది.

చికిత్స పొందినవారిలో వచ్చే నొప్పులన్నీ ఈ జాతివి కావు. 1977లో జూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మెలకువగా ఉన్న రోగి హృదయధమనిలోనికి చిన్న బుడగను పంపి, ఉబ్బించి, ఇరుకైన చోటును వెడల్పు చేశాడు. 1986లో అటువంటి చోట స్టెంటు అనే లోహపు జాలీగొట్టాన్ని నిలపడం మొదలైంది. ధమని గోడ వెలిపొరలో నాడులున్నవి. గోడ సాగినందువలన కొందరికి మొద్దునొప్పి కలిగి, ఒకటి రెండు రోజులలో దానంతటదే తగ్గుతుంది. ఇ.సి.జి.లో కొత్త మార్పు కనబడదు.

బైపాస్ శస్త్రచికిత్సలో సాధారణంగా రొమ్ముఎముకను నిలువునా కోసి, పని ముగిసిన పిదప ఉక్కుతీగలతో కడతారు. అది అతుక్కోవడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు దగ్గినా, ప్రక్కకు ఒత్తిగిలినా నొప్పి తెలుస్తుంది. రొమ్ము లోపలి ధమనిని మార్గానికి వాడినప్పుడు ఎడమ ఛాతీ కొన్నాళ్లు తిమ్మిరిగా, మంటగా ఉండవచ్చు. ఇక హృదయావరణం, అనగా గుండెను చుట్టిన సంచి, వాచితే నొప్పి తీరే వేరు: ఊపిరి లోతుగా తీస్తే పొడుస్తుంది, వెల్లకిల పడుకుంటే హెచ్చుతుంది, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. కొన్నిసార్లు జ్వరం కూడ వస్తుంది. దీనిని వైద్యునికి చూపించాలి.

అసలు భయం స్టెంటులో రక్తం గడ్డకట్టడం. ఒంటికి కొత్తదైన లోహాన్ని కణాల పలుచని పొర కప్పుకొనే వరకు ప్లేట్‌లెట్లు దానికి అంటుకొని గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. దాన్ని ఆపేందుకే ఆస్పిరిన్‌తోపాటు మరొక మాత్ర కూడ నెలల తరబడి ఇస్తారు. ఒళ్లు బాగున్నదని, పన్ను తీయించుకోవాలని, ఖర్చని, రోగి తనంతట తాను మాత్రలు మానివేయడం వలన తెరిచిన ధమని హఠాత్తుగా మూసుకుపోవచ్చు. అప్పుడు వచ్చేది మొదట చెప్పిన నొప్పే. చెమట, ఆయాసం, వాంతి దానితో కలిసి రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసమే కనబడవచ్చు. ఇట్టి సమయంలో అది కుట్టు నొప్పేనని ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోరాదు. ఆంధ్రప్రదేశ్‌లోగాని తెలంగాణలోగాని 108కి ఫోను చేయాలి.

ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోనికి వచ్చే ప్రోటీను అది. అయితే ఇటీవలి చికిత్స వలననే అది కొంత పెరిగి ఉండవచ్చు. అందువలన వైద్యులు ఒక్క పరీక్షతో తృప్తిపడక, కొన్ని గంటలకు మరల రక్తం తీసి, ఆ అంకె ఎక్కుతున్నదా, దిగుతున్నదా అని చూస్తారు.