సెల్ఫ్ మోటారు విప్పే ముందు

మోటార్‌సైకిల్‌కు సెల్ఫ్ స్టార్ట్ ఈమధ్యే వచ్చిందని చాలామంది అనుకుంటారు. దాని వయసు వందేళ్లు దాటింది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ‘ఇండియన్’ మోటార్‌సైకిళ్లు తయారుచేసే హెండీ కంపెనీ 1914లో ‘హెండీ స్పెషల్’ అనే బండిని తెచ్చింది. సుమారు 1000 సీసీ, రెండు సిలిండర్ల ఇంజను. దానికో కరెంటు మోటారు, రెండు 6 వోల్టుల బ్యాటరీలు. ఇంజన్ను తిప్పేది ఆ మోటారే, బండి నడుస్తున్నప్పుడు డైనమోగా మారి బ్యాటరీలను ఛార్జ్ చేసేదీ అదే. ఎంత గొప్ప ఆలోచన! బండి మాత్రం ఎక్కువకాలం నిలవలేదు.

మోటారు తప్పేమీ లేదు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన స్టార్టర్ అప్పటికే 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో చక్కగా పనిచేస్తోంది. స్టార్టర్ తిరగాల్సింది కొన్ని సెకన్లే కాబట్టి చిన్న మోటారుకే తాహతుకు మించిన కరెంటు ఇవ్వొచ్చని, వేడెక్కేలోపే పని అయిపోతుందని కెటరింగ్ గ్రహించాడు. అయితే ఆ కొన్ని సెకన్లూ అంత కరెంటును ఒక్కసారిగా ఇవ్వాల్సింది బ్యాటరీయే. కారులో పెద్ద బ్యాటరీకి చోటుంది, మోటార్‌సైకిల్‌లో లేదు. ఆనాటి చిన్న బ్యాటరీలు ఆ భారం మోయలేకపోయాయి.

ఆ తర్వాత చాలాకాలం కిక్కుదే రాజ్యం. మ్యాగ్నెటో ఉన్న బండికి ప్లగ్గులో మంట రావడానికి బ్యాటరీతో పనేలేదు. 1960లో హోండా తన 50 సీసీ సూపర్ కబ్‌లో సెల్ఫ్ ఉన్న సీ102 మోడల్‌ను దించింది. మన దేశంలో 1984లో కైనెటిక్ హోండా వచ్చాక బటన్ నొక్కి బండి తీయడం మామూలు ఇళ్లకూ అలవాటైంది. స్టార్టరూ జనరేటరూ ఒకటే కావాలన్న హెండీ ఆలోచన కూడా 2020లో యాక్టివా 6జీలో చప్పుడు లేని స్టార్టర్‌గా కనిపించింది.

ఇంత మారినా బ్యాటరీ మోయాల్సిన భారం తప్పలేదు. సెల్ఫ్ తీసుకోవడం లేదనగానే మోటారు విప్పి, కొత్తది వేయించమనేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. అక్కర్లేని ఖర్చు జనం మీద పడుతోంది. ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. పూర్తి ఛార్జిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దాకా చూపిస్తుంది. ఆ అంకె చూసి బ్యాటరీ బాగుందని తేల్చేయకూడదు. పాతబడ్డ బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిగా పేరుకుంటుంది. మీటరుకు కావాల్సిన రవ్వంత కరెంటు అదీ ఇవ్వగలదు, మోటారు అడిగేంత ఇవ్వలేదు. అందుకే సెల్ఫ్ నొక్కి పట్టుకుని చూడాలి. అప్పుడు 9.5 కంటే దిగిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. నొక్కగానే టకటకమని వరసగా కొట్టుకుంటే అది మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి, అంటే రిలే. రిలే అతుక్కోగానే మోటారు కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, రిలే వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ అతుక్కుంటుంది. నీరసించిన బ్యాటరీయో, వదులైన టెర్మినలో దీనికి కారణం. ఒక్కసారి టక్కుమని ఆగిపోతే రిలే కాంటాక్టులనీ, మోటారులోని కార్బన్ బ్రష్‌లనీ అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, క్లచ్ స్విచ్చి, సైడ్ స్టాండ్ స్విచ్చి చూసుకోవాలి.

అందరూ మరిచిపోయేది ఎర్త్ వైరు. దాని బోల్టు కింద తుప్పు చేరి 0.02 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. 80 ఆంపియర్లు పారినప్పుడు అక్కడే 1.6 వోల్టులు ఆవిరైపోతాయి. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కూ రెండో కొసను ఇంజను లోహానికీ ఆనించి సెల్ఫ్ నొక్కండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో గీకి బిగించండి. చాలాసార్లు రిపేరు అంతే!

2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బళ్లలో చాలావరకు కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు పంపుకూ, ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌కూ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా పోతే ఇలాంటి బళ్లు చాలావరకు తోసినా అందుకోవు. కాబట్టి కొత్త బ్యాటరీ వేయించిన రోజే ఇంజను కాస్త రేజ్ చేసి మీటరు చూడాలి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే సరే. అంతకు తగ్గితే మ్యాగ్నెట్ కాయిలో రెక్టిఫయరో ఛార్జింగ్ ఇవ్వడం లేదు, పాతదాన్ని చంపిన ఆ లోపమే కొత్తదాన్నీ తినేస్తుంది.