గాజుల బజారుకు కొత్త కళ... మరి మనకో?

పెళ్లి కుదిరింది. పట్టుచీరలకు కంచి వెళ్లాలా, ధర్మవరం వెళ్లాలా అన్నది పెద్దవాళ్లు తేల్చుకుంటారు. గాజుల మాట వచ్చేసరికి మాత్రం పెళ్లికూతురి దగ్గర్నుంచి అమ్మమ్మ దాకా అందరిదీ ఒకటే మాట... లాడ్ బజార్!

చార్మినార్ పక్కనే ఆ వీధి. చీరకు జతపడే రంగు కోసం ఒక్కో దుకాణం ఎక్కి దిగుతుంటే గంటలు నిమిషాల్లా గడిచిపోతాయి. అద్దాల మెరుపులు, రాళ్ల తళుకులు, బేరాల సందడి... ఎన్నిసార్లు వెళ్లినా మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

కానీ అక్కడికి బయల్దేరే రోజు మనం చేసే పని ఇంకొకటుంది. పైకి చెప్పుకోం గానీ, పొద్దుట్నుంచే మంచినీళ్లు తాగడం తగ్గించేస్తాం. ఎందుకో మీకు తెలుసు. అంత జనంలో ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగే మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనని భయం!

నగరం నడిబొడ్డుకు కొత్త కళ తెస్తున్నామని ఎవరైనా అన్నప్పుడల్లా ఈ చిన్న విషయమే గుర్తొస్తుంది. పాత భవనాలకు సున్నం వేసి, రంగురంగుల దీపాలు పెడితే ఫోటోలు బాగానే వస్తాయి. కానీ ఆ వీధిలో ఓ ఆడమనిషి నిశ్చింతగా నడవగలదా? కాసేపు కూర్చోగలదా? చీకటి పడ్డాక భయం లేకుండా ఇల్లు చేరగలదా? నడిబొడ్డు బాగుపడిందో లేదో కొలవాలంటే ఇంతకంటే మంచి కొలబద్ద ఏముంది?

వరద నేర్పిన పాఠం

పాతబస్తీని బాగుచేసుకోవడం ఇవాళ కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. 1591లో చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా కాలం నుంచి ఈ నగరానికి అదే గుండెకాయ. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఆ గుండె ఒక్కసారిగా అదిరింది. వేలమంది కొట్టుకుపోయారు. ఇళ్లు నేలమట్టమయ్యాయి.

ఆ విషాదంలోంచే కొత్త ఆలోచన పుట్టింది. మళ్లీ వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత వచ్చినవే. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు సందులు వెడల్పయ్యాయి. మదీనా నుంచి చార్మినార్ వైపు వెళ్తుంటే రెండు పక్కలా వరసగా రాతి కమానులు కనిపిస్తాయి కదా, ఆ పత్తర్‌గట్టి అప్పటి పనే. కింద దుకాణాలు, పైన నివాసాలు. దుకాణాల ముందు నీడగా నడిచి వెళ్లేందుకు వసారా. ఎండైనా వానైనా ఆ కమానుల కింద చంటిబిడ్డను ఎత్తుకుని నడిచిపోవచ్చు.

అంటే, వందేళ్ల కిందటే నడిచేవాళ్ల గురించి ఆలోచించారన్నమాట! మధ్యలో మనమే ఆ సంగతి మరిచిపోయాం. వసారాల్లోకి సామాన్లు వచ్చాయి, రోడ్ల మీదికి బండ్లొచ్చాయి. నడిచేవాళ్లు ఎటూ కాకుండా పోయారు.

బండ్లు ఆగితే పిల్లలొచ్చారు

ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన చార్మినార్ పాదచారుల పథకం ఏళ్ల తరబడి సాగింది. చివరికి చార్మినార్ చుట్టూ రాళ్లు పరిచారు. వాహనాలను దూరం పెట్టారు. పొగతో నల్లబడిన మినార్లకు ఊపిరి ఆడింది.

2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' పేరుతో సందడి మొదలుపెట్టారు. పాటలు, తినుబండారాలు, చిన్నచిన్న దుకాణాలు! అంతకుముందు చెయ్యి వదిలితే ఏమవుతుందోనని బిడ్డల్ని గట్టిగా పట్టుకుని రోడ్డు దాటిన తల్లులే, పిల్లల్ని అక్కడ ఆడుకోనిచ్చి చూస్తూ కూర్చున్నారు. రోడ్డు మీద బండి లేకపోతే మొదట వచ్చేది పిల్లలూ, ఆడవాళ్లే. ఇందుకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఢిల్లీలోని చాందినీ చౌక్‌లోనూ ఇదే ప్రయత్నం జరిగింది. ఆ బజారుకు 1650లో రూపమిచ్చింది ఎవరో తెలుసా? షాజహాన్ కూతురు జహనారా! ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఉన్న ఆ వీధిని బాగుచేసి 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు వాహనాలు రాకూడదన్నారు. ఓ ఆడపిల్ల ఊహించిన బజారు మూడువందల డెబ్భై ఏళ్ల తర్వాత మళ్లీ నడిచేవాళ్ల చేతికొచ్చింది.

మన చౌమహల్లా ప్యాలెస్ సంగతీ అంతే. శిథిలమవుతున్న ఆ మహలును బాగుచేయించే బాధ్యత నిజాం కుటుంబపు కోడలు ఎస్రా భుజాన వేసుకున్నారు. 2005లో జనం చూడ్డానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. ఆడవాళ్లు పూనుకుంటే పాత గోడలకు ప్రాణం వస్తుందనడానికి ఇంకేం కావాలి?

మెరుపు వెనుక చేతులు

ఇంతకీ మనం చేతికి వేసుకునే ఆ లక్క గాజు ఎలా తయారవుతుందో ఎప్పుడైనా చూశారా? లక్కను నిప్పుల మీద మెత్తబరుస్తారు. రంగు కలిపి, తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి అతుకుతారు. వేడి ఆరకముందే అద్దాలు, రాళ్లు, పూసలు ఒక్కొక్కటే పొదుగుతారు. కాస్త ఆలస్యమైతే లక్క గట్టిపడిపోతుంది. తొందరపడితే వేళ్లు కాలతాయి.

ఈ రాళ్లు పొదిగే పని చాలామటుకు దుకాణంలో జరగదు. చుట్టుపక్కల బస్తీల్లో, ఒక్క గది ఇళ్లలో, వంటా వార్పూ మధ్య ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతుంది. గాజులకింత అని లెక్కకట్టి ఇచ్చే కూలి. సెలవుండదు, పింఛనుండదు. కళ్లు మసకలయ్యే వరకూ అదే పని.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తిరుపతి లడ్డూకు, పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్న గుర్తింపే ఇది. చాలా సంతోషం! ఇకమీదట వేరేచోట తయారైన గాజుల్ని ఈ పేరు పెట్టి అమ్మకూడదు. కానీ ఆ పేరు తెచ్చిన లాభం రాయి పొదిగిన వేళ్ల దాకా చేరాలి కదా! వీధికి తళుకొచ్చి అద్దెలు పెరిగి, పనివాళ్లు ఊరవతలికి వెళ్లిపోవాల్సి వస్తే ఆ కళ ఎవరికోసం?

తోపుడు బండ్ల మీద గాజులు, హెయిర్ క్లిప్పులు, చున్నీలు అమ్ముకునేవాళ్ల కథా ఇదే. వీధి బాగుచేస్తున్నామనగానే మొదట వాళ్లనే లేపేస్తుంటారు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం అలా చేయొద్దంటోంది. పట్టణాల్లో వేసే వీధి వ్యాపార కమిటీల్లో నూటికి నలభై వంతులు వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఈ సంగతి బండి పెట్టుకున్న ఎంతమంది అమ్మలకు తెలుసు? వాళ్లకు చెప్పాల్సింది ఎవరు?

గుల్జార్ హౌజ్ కన్నీరు

2025 మే 18, ఆదివారం పొద్దున. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, గుల్జార్ హౌజ్ దగ్గర ఓ పాత భవనంలో నిప్పంటుకుంది. కింద దుకాణాలు, పైన ఇల్లు. బయటపడేందుకు ఇరుకైన దారి ఒక్కటే. సెలవులకని చుట్టాలంతా చేరిన ఇల్లది. ఒకే కుటుంబానికి చెందిన పదిహేడు మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పసివాళ్లు.

ఆ వార్త చదివిన రోజు ఏ తల్లికి అన్నం సహించింది? నడిబొడ్డు అంటే దుకాణాలు, కట్టడాలు మాత్రమే కాదు... పైఅంతస్తుల్లో కాపురాలూ ఉన్నాయి. బయటి గోడకు రంగు వేయడానికి ముందు లోపలి కరెంటు తీగలు చూడాలి. బయటపడేందుకు రెండో దారి ఉందా, అగ్నిమాపక బండి ఆ సందులోకి రాగలదా... ఇవి చూడాలి. పాతది కాపాడుకోవాలంటే అందులో బతికేవాళ్లను కాపాడుకోవడమే మొదటి మెట్టు.

చీకటి పడ్డాక...

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్ ఖర్చుకు వెనకాడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు కూడా బజారుకు బయల్దేరుతున్నారు. 2020లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చిన మెట్రోను ఫలక్‌నుమా దాకా పొడిగించేందుకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. మహిళా దినోత్సవం నాడే! ఆ దారి కోసం 2025లో ఎన్నో ఇళ్లు, దుకాణాలు తొలగించారు. వాళ్లు వదులుకున్నదానికి విలువ దక్కాలంటే స్టేషన్ కట్టినంత మాత్రాన సరిపోదు. స్టేషన్ మెట్లు దిగాక బజారు దాకా, బజారు నుంచి ఇంటి దాకా వెలుగుండాలి. సరైన కాలిబాట ఉండాలి.

పెద్ద ఖర్చుల లెక్కలో ఇవి చిన్నవే. ఓ శుభ్రమైన మరుగుదొడ్డి, దానికి నీళ్లు, తలుపుకు గడియ. పిల్లకు పాలు పట్టేందుకు ఓ చాటు గది. అలసిన పెద్దావిడ కూర్చునేందుకు ఓ అరుగు. మూల మీద ఓ దీపం. పథకాలు గీసే బల్ల దగ్గర ఓ ఇల్లాలిని, ఓ గాజుల పనమ్మాయిని కూర్చోబెడితే ఇవన్నీ మొదటి పేజీలోనే ఉండేవి!

ఈసారి మీరు వెళ్లినప్పుడు...

* వీలైతే బస్సులోనో, మెట్రోలోనో వెళ్లండి. మీ కారు ఒక్కటి తగ్గినా నడిచేవాళ్లకు అంత చోటు మిగులుతుంది.

* గాజులు ఎక్కడ చేసినవో అడగండి. చేత్తో పొదిగినవైతే బేరం కాస్త తగ్గించండి. మీరు తగ్గించే పది రూపాయలు ఎవరి కూలిలోంచి పోతాయో ఆలోచించండి.

* మరుగుదొడ్డికి తాళం ఉన్నా, వీధి దీపం వెలగకపోయినా మనకెందుకులే అని ఊరుకోకండి. నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేయండి. పదిమంది అడిగితేనే పని జరుగుతుంది.

* పాత ఇళ్లలో ఉండే చుట్టాలుంటే కరెంటు తీగలు ఓసారి చూపించుకోమని చెప్పండి.

వచ్చే పెళ్లికి మళ్లీ లాడ్ బజార్‌కే వెళ్తాం. వెళ్లకుండా ఉండగలమా? ఆ రోజు పొద్దున మాత్రం భయం లేకుండా నిండుగా ఓ గ్లాసుడు మంచినీళ్లు తాగి బయల్దేరగలిగితే... నగరం నడిబొడ్డుకు నిజంగా కొత్త కళ వచ్చినట్టే!