జ్వాలానిరోధక, స్థిరవిద్యుత్ నిరోధక పనిదుస్తులు: ఎంపిక, సంరక్షణ – కృష్ణా డెల్టా నేపథ్యం

వ్యాససంగ్రహం: మంటను తట్టుకొనే గుణం, స్థిరవిద్యుత్తును చెదరగొట్టే గుణం వేర్వేరు. ఒకటి ఉన్నంతమాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. ఈ గుణాలకు ఆధారమేమిటో, ఎంపికలోనూ ఉతుకులోనూ అవి ఎక్కడ దెబ్బతింటాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పనిదుస్తులు, జ్వాలానిరోధం, స్థిరవిద్యుత్, కంకిపాడు, కార్మిక భద్రత.

1. ఉపోద్ఘాతం

విజయవాడ–మచిలీపట్నం రహదారిపై ఉన్న కంకిపాడు ప్రధానంగా వరి పండే ప్రాంతం. అయినా పెట్రోలు బంకులు, వెల్డింగు షాపులు, రైసుమిల్లులు అక్కడి జీవనంలో భాగమే. విజయవాడకు అవతల కొండపల్లిలో పెట్రోలియం నిల్వ కేంద్రాలున్నాయి. 2022 ఏప్రిల్ 13 రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని రసాయన పరిశ్రమలో సంభవించిన అగ్నిప్రమాదంలో ఆరుగురు కార్మికులు మరణించారు. అటువంటి విస్ఫోటనాన్ని ఏ వస్త్రమూ ఆపలేదు. వస్త్రం చేయగలిగినవి రెండే: దుస్తుల వల్ల నిప్పురవ్వ పుట్టకుండా చూడటం, మంట తాకితే అది ఒంటిమీద కొనసాగకుండా చూడటం.

2. జ్వాలానిరోధం

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. వస్త్రం మండుతూ ఉండటానికి కావలసిన కనీస ఆక్సిజన్ శాతాన్ని పరిమిత ఆక్సిజన్ సూచిక అంటారు. నూలుకు ఇది సుమారు 18. అందువల్ల అంటుకున్న నూలుబట్ట తనంతట తాను ఆరదు. మెటా-అరామిడ్ పోగుకు ఇది దాదాపు 28 లేదా అంతకు మించి ఉంటుంది. పాలిస్టరు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది. జ్వాలానిరోధక వస్త్రాలలో అరామిడ్ వంటివి స్వభావసిద్ధమైనవి. భాస్వర సమ్మేళనాలతో శుద్ధిచేసిన నూలు రెండవ రకం.

3. స్థిరవిద్యుత్

మనిషి దేహంపై 3,000 వోల్టుల ఆవేశం చేరితే విడుదలయ్యే శక్తి సుమారు 0.7 మిల్లీజౌళ్లు. ఆ రవ్వ తాకినట్లు తెలియడమే కష్టం. వంటగ్యాసులోని ప్రొపేన్–గాలి మిశ్రమం అంటుకోవడానికి 0.25 మిల్లీజౌళ్లు చాలు. అంటే మనిషి గుర్తించలేని రవ్వ కూడా ప్రమాదకరమే. ఈ కారణంగా వస్త్రంలో కార్బన్ లేదా ఉక్కు పోగులను గళ్లుగా నేస్తారు. అయితే ఆవేశం నేలకు చేరే దారి కూడా ఉండాలి. ఈ.ఎన్. 1149-5 ప్రమాణం ప్రకారం దేహానికీ నేలకూ మధ్య నిరోధం 10 కోట్ల ఓములకన్నా తక్కువ ఉండాలి. మామూలు రబ్బరు చెప్పులు ఈ దారిని మూసివేస్తాయి.

డెల్టా గాలిలోని తేమ ఆవేశాన్ని కొంత తగ్గిస్తుంది. రోహిణీకార్తె పడమటి వడగాడ్పులలో ఆ తేమ ఉండదు.

4. ఎంపిక

పారిశ్రామిక వేడికి గురయ్యేవారి దుస్తులకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15748. అది అగ్నిమాపక సిబ్బందికి, వెల్డర్లకు వర్తించదు. వెల్డర్లకు ఐ.ఎస్.ఓ. 11611 వేరుగా ఉంది. ఇంధనావిరి ఉన్నచోట జ్వాలానిరోధ, స్థిరవిద్యుత్ ప్రమాణాలు రెండూ లేబులుపై ఉండాలి. లోపల నైలాను బనియను వేసుకుంటే పై వస్త్రం మంటను ఆపినా వేడికి బనియను కరగవచ్చు. అందుకే లోపల నూలు బనియను మేలు. వస్త్రం బరువెక్కువైతే ఎండాకాలంలో కార్మికుడు గుండీలు విప్పుతాడు, చేతులు మడుస్తాడు. తెరుచుకున్న మేర రక్షణ ఉండదు. కాబట్టి స్థానిక వాతావరణం కూడా ఎంపికలో ఒక కొలమానం.

5. సంరక్షణ

క్లోరిన్ బ్లీచింగు శుద్ధిచేసిన నూలులోని భాస్వర సమ్మేళనాన్ని దెబ్బతీస్తుంది. సబ్బు కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి మండే పొరగా పోగులపై పేరుకుంటుంది. అందువల్ల బోరునీరు కఠినంగా ఉన్నచోట సబ్బుకు బదులు డిటర్జెంటు వాడాలి. నూలుబట్టకు గంజి పెట్టడం తెలుగింటి అలవాటు. గంజి పిండిపదార్థం కనుక మండుతుంది. మెత్తదనానికి వాడే ద్రావకాలూ అంతే. నూనె, గ్రీజు మరకలున్న దుస్తులు జ్వాలానిరోధకమైనా అంటుకుంటాయి. చిరుగుకు మామూలు పాలిస్టరు దారం, అతుకు వాడరాదు. ఆవిరి ఉన్నచోట దుస్తులు విప్పరాదు, ఎందుకంటే విప్పేటప్పుడు జరిగే రాపిడి ఆవేశాన్ని పుట్టిస్తుంది.

6. ఉపసంహారం

పై దోషాలలో ఎక్కువభాగం కంటికి కనిపించవు. గంజిపెట్టి, ఇస్త్రీ చేసిన జత కొత్తదానిలాగే ఉంటుంది. ఒకే జత ఇచ్చి, ఉతుకును కార్మికుని ఇంటికి వదిలేస్తే రక్షణ భారం ఈ నియమాలేవీ తెలియని ఇంటివారిపై పడుతుంది. కనుక మారుజత ఇవ్వడం, ఉతుకు సూచనలను తెలుగులో, వలస కార్మికులకు వారి భాషలో అందించడం, కాలానుగుణంగా దుస్తులను పరీక్షించి పాతవాటిని తొలగించడం యాజమాన్యం బాధ్యతగా ఉండాలి. దుస్తులు కొనడంతో ఆ బాధ్యత మొదలవుతుందే తప్ప ముగియదు.