ప్రాపర్టీ, ప్రొప్రయిటీ: ఒక తల్లి బిడ్డలు

దుస్తులు ‘ప్రాపర్’గా నుండవలెను, నడవడి ‘ప్రాపర్’గా నుండవలెను అను మాట తెలుగు ఇండ్లలో సైతము వినబడును. తగినది, సరియైనది అని దాని భావము. కాని పుట్టుకను విచారించినచో ఈ ఆంగ్లపదమునకు మర్యాదతో సంబంధము కనబడదు. లాటినులో ‘ప్రోప్రియుస్’ అనగా తనది, స్వంతము. ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లండు చేరినది. బడిలో బాలురు వల్లించు ‘ప్రాపర్ నౌన్’లో ఆ పాత అర్థమే నిలిచియున్నది, అనగా ఒకరికి స్వంతమైన పేరు. ఫ్రెంచివారి ‘ప్రోప్ర్’ ఇంకను చిత్రమైనది. నామమునకు ముందు నిలిచిన ‘స్వంత’ అనియు, వెనుక నిలిచిన ‘శుభ్రమైన’ అనియు అర్థమిచ్చును.

తనదియైనది తగినదెట్లయ్యెనో ఊహించుట కష్టము కాదు. వేడి అగ్నికి స్వంతము. కనుక అగ్నికి తగినది. ఇదే కొలత మనుష్యులకు పెట్టినపుడు, ఎవరి అంతస్తుకు చెందిన నడవడి వారికి మర్యాద యైనది.

ఆస్తియను అర్థముగల ‘ప్రాపర్టీ’, మర్యాదయను అర్థముగల ‘ప్రొప్రయిటీ’ చిరకాలము ఒకటిగనే మెలగినవి. 1651లో వెలువడిన ‘లెవియతన్’లో హాబ్స్ ఆస్తిహక్కును ‘ప్రొప్రయిటీ’ అనియే వ్రాసినాడు. 1755 నాటి జాన్సన్ నిఘంటువులోను ఆ మాటకు స్వామ్యమను అర్థము గలదు. పిదప అక్కచెల్లెండ్రు వేరుపడిరి. ఒకతె దస్తావేజులలో చేరినది. రెండవది అతిథులు కూర్చుండు గదిలో చేరినది.

ఆ పంపకములో ఇంగ్లండు స్త్రీకి దక్కినది రెండవది. కామన్ లా ననుసరించి పెండ్లియైన స్త్రీ సొమ్ము భర్త వశమగుచుండెను. ఆమె కష్టించి తెచ్చిన కూలియు అతనిదే. 1870లో చట్టము కొంత సడలినది. 1882 నాటి చట్టముతో గాని ఆమె తన ఆస్తికి తాను యజమానురాలు కాలేదు. అంతవరకు ఎట్లు కూర్చుండవలెను, ఎంత నవ్వవలెను, ఎవరి తోడు లేక వీధిలో నడువరాదు అను నియమములు మాత్రము నిండుగా ఆమెవే. ఆస్తి లేనివారిపైననే మర్యాద బరువు హెచ్చుగా పడినది.

తెలుగున ఈ బంధుత్వము వేరు. ‘ఉచితము’ తగినది, దానినుండి ఔచిత్యము. వ్యవహారములో అదే ఉచితము వెల లేనిది! అయినను ఆస్తి ఇక్కడను వేరొక ద్వారమున ప్రవేశించినది. ‘తగు’ నుండి పుట్టిన ‘తగవు’ పూర్వము న్యాయము, తగినతనము. బ్రౌను నిఘంటువు ఈ అర్థముతోపాటు కలహమను అర్థమును చూపును. న్యాయము చెప్పువాడు తగవరి. నేడు తగవు అనగానే పల్లెలో వినువారు మొదట అడుగునది, గట్టు తగవా, వాటా తగవా అని.